పల్నాటి గోలీ సోడా

శ్రీనాథ మహాకవికి పల్నాడు మీద చాలా కోపం ఉండేదని చెబుతారు. ఆయన పేర ప్రచారంలో ఉన్న చాటువులు చూస్తే అది నిజమే అనిపిస్తుంది. ఇక్కడి రాళ్ళూ, తేళ్ళూ, జొన్నకూడూ ఒక ఎత్తు. దాహం ఒక్కటే ఒక ఎత్తు. గొంతు తడుపుకోవడానికి చుక్క నీరు దొరక్క, సాక్షాత్తు పరమేశ్వరుణ్ణే నిలదీసి, నీకు ఇద్దరు భార్యలెందుకయ్యా, గంగను వదిలిపెట్టరాదా అన్నాడట. ఈ పద్యం పాఠం చెప్పినప్పుడల్లా మా క్లాసులో పిల్లలు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కాని లోలోపల ఒక మాట అనుకుంటాను. ఆ మహానుభావుడు ఇంకో అయిదువందల ఏళ్ళు ఆగి పుట్టి, మాచర్లలో బస్సు దిగి, చల్లటి గోలీ సోడా ఒకటి కొట్టించుకుని తాగి ఉంటే, శివుడి సంసారం జోలికి పోయేవాడు కాదు గదా!

ఈ సోడా గొడవ నాకు ఇప్పుడెందుకు వచ్చిందో చెప్పాలి. రెండు కబుర్లు ఒకే వారంలో వచ్చాయి.

మొదటిది ఫ్రాన్సులో ఉద్యోగం చేసుకుంటున్న మా అక్క కొడుకు దగ్గర్నుంచి. సెలవుల్లో వాడు షాంపేను సీమకు వెళ్ళాడట. లోకమంతా తెలిసిన పెద్ద కంపెనీల గడప తొక్కలేదట. తమ తోటలో ద్రాక్ష తామే పండించుకుని, తామే సారాయం చేసి, తామే సీసాల్లోకి ఎక్కించి అమ్ముకునే చిన్న చిన్న కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయట. అలాంటి ఇళ్ళకు వెళ్ళి, ఒక్కొక్క చోట ఒక్కొక్క గుక్క రుచి చూశాడట. "మామయ్యా, ఊరు మారితే రుచి మారుతోంది. అంతా నేలలోని సుద్దరాయి మహిమ అంటున్నారు" అని రాశాడు. మేనమామకు ఇలాంటి కబురు రాయొచ్చా అన్న సంకోచం కూడా ఉందిలెండి, చివర్న "అమ్మకు చెప్పకు" అని ఒక ముక్క చేర్చాడు.

రెండో కబురు మాచర్ల నుంచి, మా అన్నయ్య ఫోను. "ఒరే, నా భుజం ఇంక తిరగట్లేదురా. పాత ఇనుము కొనేవాడు వచ్చి మిషను తూకానికి అడుగుతున్నాడు. ఇచ్చేద్దామా?"

మిషను అంటే మా నాన్న సోడా మిషను. నేను ఎమ్మే తెలుగు చదివింది దాని మీదే.

జవాబు చెప్పడానికి వారం గడువు అడిగాను. అడిగి, మేనల్లుడు చేసిన పని నేనూ చెయ్యాలనుకున్నాను. నరసరావుపేట నుంచి మాచర్ల దాకా దారి పొడుగునా ఆగుతూ, ఇంటిల్లిపాదీ కష్టపడి నడుపుకునే సోడా కొట్లలో తాగుతూ పోవాలి. ఈ పనికి ఇంకా ఎవరైనా మిగిలారా, మిగిలితే ఎందుకు మిగిలారు? అది తెలిశాక మిషను సంగతి తేల్చుకోవచ్చు. మాది మద్యం కాదు కనుక ఇంట్లో ఎవరికీ దాచవలసిన పని లేదు. మా ఆవిడ మాత్రం "కడుపు ఉబ్బుతుంది, జాగ్రత్త" అంది.

నరసరావుపేటలో, నేను కాపురముంటున్న ఊళ్ళోనే, ప్రయాణం మొదలుపెట్టాను. 2022 ఏప్రిల్ 4 నుంచి ఇది పల్నాడు జిల్లాకు ముఖ్యపట్టణం. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళు, ఆకాశాన్నంటే ప్రభలు, ఆ జనసముద్రం మధ్య సోడా బళ్ళ మోత — ఇవి మా వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. బజారులో ఒక తండ్రీకొడుకుల కొట్టు ఉంది. ఒక సాదా సోడా అడిగాను. కుర్రాడు సీసా మూతిమీద బొటనవేలు పెట్టి ఒక్క పోటు పొడిచాడు. "కుయ్" మని కూసి గోలీ లోపలికి దిగింది. గ్యాసు బ్రహ్మాండంగా ఉంది. ముక్కులోంచి వచ్చి కళ్ళు చెమర్చాయి. కాని నీళ్ళకు రుచంటూ లేదు.

"ప్లాంటు నీళ్ళు సారూ. బావి నీళ్ళతో కొడితే ఎవురు తాగుతారు ఇప్పుడు?" అన్నాడు తండ్రి.

ఆయన తప్పేమీ లేదు. ఉప్పునీళ్ళ కంటే శుభ్రమైన నీళ్ళు మేలే. అయినా, రేపు మాచర్లలోనూ ఇదే రుచి అయితే నా ప్రయాణం దండగే గదా అనుకుంటూ పిడుగురాళ్ళ బస్సెక్కాను.

గాలిబుడగల నీళ్ళ చరిత్ర అంత పాతదేమీ కాదు. 1767లో ఇంగ్లండులోని లీడ్సు పట్టణంలో ప్రీస్ట్‌లీ అనే ఆయన బీరు కాచే తొట్టి పైన నీళ్ళగిన్నె పెట్టి చూశాడు. తొట్టిలోంచి పైకి లేచే గ్యాసు నీళ్ళలో కలిసి, ఆ నీళ్ళకు చురుకైన రుచి వచ్చింది. 1783లో జెనీవాలో ష్వెప్ అనే గడియారాల పనివాడు దాన్ని వ్యాపారంగా మార్చాడు. చిక్కల్లా గ్యాసును సీసాలో నిలపడం దగ్గర వచ్చింది. బిరడా ఎండితే గ్యాసు పారిపోతుంది. 1872లో హైరం కాడ్ అనే ఇంగ్లీషాయన మన గోలీ సీసాకు పేటెంటు తీసుకున్నాడు. ఆయన తెలివి చూడండి: లోపలున్న గ్యాసు బయటికి పోవాలని తోస్తుంది, ఆ తోపుకే గోలీ మూతి దగ్గరి రబ్బరు ఉంగరానికి అంటుకుని, తలుపు గడియ వేసేస్తుంది. పారిపోయే దొంగ చేతనే కాపలా కాయించడమన్నమాట!

పుట్టిన దేశంలో ఆ సీసా ఏనాడో మూలపడింది. అది కడగడం కష్టం. గోలీల కోసం పిల్లలు పగలగొట్టేవారు. 1892లో వచ్చిన రేకుమూత చవక. జపానులో మాత్రం రామునే అనే పానీయంలో ఇప్పటికీ బతికి ఉంది. మన దేశంలో ఇదుగో, ఇలా బతికి ఉంది.

పిడుగురాళ్ళ దగ్గరపడుతుంటే కిటికీలోంచి తెల్లటి దుమ్ము వచ్చి ఒళ్ళో కూర్చుంది. సున్నపు బట్టీలు. ఊరి పేరు చెబితే ఆంధ్రదేశంలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది సున్నమే. బస్టాండు దగ్గర నిమ్మసోడా తాగుతుంటే, పక్కన బెంచీ మీద కూర్చున్న బట్టీ పనివాళ్ళు, ఒళ్ళంతా విభూతి పూసుకున్న జంగాల్లా ఉన్నారు, ఉప్పు ఎక్కువ వేయించుకుని మరీ తాగుతున్నారు. చెమటతో పోయిన ఉప్పు మళ్ళీ ఒంట్లోకి రావాలి గదా. ఇది వాళ్ళకు సరదా కాదు, మందు.

వాళ్ళను చూస్తూ ఒక సంగతి ఆలోచించాను. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే గ్యాసు బయటికి పోయి సున్నం మిగులుతుంది. నూరు కిలోల స్వచ్ఛమైన రాయి కాలిస్తే మిగిలేది 56 కిలోలు. తక్కిన 44 కిలోలూ గాలిలో కలిసిపోతుంది. ఆ పోయే గ్యాసూ, నా చేతిలో సీసాలో కుతకుతలాడుతున్న గ్యాసూ ఒకటే! మేనల్లుడు చెప్పిన షాంపేను నేలలోని సుద్ద కూడా సున్నపురాయి జాతిదే. శ్రీనాథుడు తిట్టిపోసిన పల్నాటి నాపరాళ్ళ కడుపులో ఎంత సోడా దాగి ఉందో ఆయనకు తెలియదు పాపం.

షాంపేనుకూ మన సోడాకూ తేడా ఉండకపోలేదు. అక్కడ సీసాలోనే పంచదారా పులుపుమందూ వేసి, రెండోసారి పులియనిస్తారు. గ్యాసు లోపలే పుడుతుంది. కనీసం 15 నెలలు ఆగనిదే అమ్మకూడదని చట్టం. మనవాడు గ్యాసు బండలోంచి గ్యాసు ఎక్కించి, అరనిమిషంలో చేతికిస్తాడు. అయితే ఒక పోలిక ఉంది. అక్కడ కూడా పెద్ద వ్యాపారులు చవగ్గా బయటి సీమల ద్రాక్ష తెప్పిస్తుంటే, పొట్ట కొట్టినట్టయిన చిన్న రైతులు 1911లో తిరగబడ్డారు. ఇవాళ షాంపేను పేరు మరెవరూ పెట్టుకోకుండా చట్టం కాపాడుతోంది. మన సోడా కొట్టు మీదికి మాత్రం 1993లో తిరిగి వచ్చిన అమెరికా పానీయాలూ, వాటి వెనక ప్లాస్టిక్ సీసాలూ వచ్చిపడితే, అడ్డం నిలిచినవాడు లేడు. గోదావరి జిల్లా రామచంద్రపురంలో 1919లో మొదలైన ఆర్టోస్ లాంటి కుటుంబ సంస్థ నిలబడిందంటే గొప్పే. చిన్న కొట్లవాళ్ళు ఒక్కొక్కరే మిషను మీద గోనెపట్టా కప్పేశారు.

కారెంపూడిలో దిగి వీరుల గుడికి వెళ్ళాను. 12వ శతాబ్దంలో, నాగులేటి ఒడ్డున, సవతి అన్నదమ్ములు కొట్టుకు చచ్చిన చోటు. ఏటా కార్తీకంలో అయిదు రోజులు ఆ వీరులకు ఉత్సవం జరుగుతుంది. అందులో ఒకనాడు చాపకూడు. కులం అడగకుండా అందర్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు అన్నం పెట్టించాడంటారు.

గుడి నుంచి వస్తూ ఒక ముసలాయన బండి దగ్గర సుగంధి సోడా తాగాను. సుగంధి వేళ్ళ పానకం, నిమ్మకాయ పిండి, మీద సోడా. వేరు వాసన గొంతులో చాలాసేపు నిలిచింది. ఆయన సీసా కడిగి, పక్కన నిలబడ్డ గొర్రెలకాపరికి అదే సీసాలో సోడా కొట్టి ఇచ్చాడు. నాకు మా నాన్న కొట్టు గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు కొన్ని ఊళ్ళలో టీ కొట్ల ముందు కొందరికి గ్లాసు విడిగా పెట్టేవారు. మా కొట్లో సీసా అందరికీ ఒకటే. "గోలీకి కులమేందిరా, ఎవరు పొడిచినా దిగుద్ది" అనేవాడు నాన్న. ఆయన చాపకూడు గురించి ఉపన్యాసాలు చెప్పలేదు. చెప్పేవాణ్ణి నేను.

మధ్యాహ్నానికి గురజాల చేరాను. నలగామరాజు రాజధాని. పక్కనే రెంటచింతల, వేసవి వచ్చిందంటే రాష్ట్రంలో ఎండలు మండే ఊళ్ళ జాబితాలో దాని పేరు ముందు వరసలో చదువుతారు. ఆ ఎండ సెగ గురజాలలోనూ తెలుస్తూనే ఉంది. ఒక వేపచెట్టు కింద పాతికేళ్ళ లోపు భార్యాభర్తల కొట్టు కనిపించింది. ఆ అమ్మాయి సాదా సోడా కొట్టి ఇచ్చింది.

మొదటి గుక్కకే ఆగిపోయాను. గ్యాసు ముక్కులోకి ఎగదన్నలేదు. నాలుకమీద సన్నగా, ఇసకలా, చివరిదాకా చురుక్కుమంటూనే ఉంది. బుడగలు చిన్నవి, సీసా సగమయినా తగ్గలేదు. నీళ్ళలో మట్టికుండ వాసన. అది మా నాన్న సోడా!

"ఎట్టా చేస్తారమ్మా ఇది?"

ఆమె కొట్టు వెనక్కి చూపించింది. తడిపిన గోనెపట్టాలు చుట్టిన కుండలు నాలుగు, నీడలో వరసగా. "రాత్రే నీళ్ళు పోసి పెడతాం సారూ. చల్లటి నీళ్ళకయితే గ్యాసు బాగా పడుద్ది. వేడినీళ్ళకు ఎంత ఎక్కించినా నిలవదు."

"ఎవరు నేర్పారు?"

"నేర్పేదేముంది? గ్యాసు బండ రేటు నేర్పింది" అని నవ్వింది.

నీళ్ళు ఎంత చల్లగా ఉంటే అంత గ్యాసు పట్టుకుంటాయన్నది సైన్సు పుస్తకాల్లో ఉన్న మాటే. మా నాన్న ఆ పుస్తకం చదవలేదు. ఈ అమ్మాయీ చదివి ఉండదు. అక్కరే ఇద్దరికీ పాఠం చెప్పింది. ఊరు మారితే రుచి ఎందుకు మారుతుందో అప్పుడు తెలిసింది నాకు. ప్లాంటు నీళ్ళు ఎక్కడైనా ప్లాంటు నీళ్ళే. రుచి రాత్రి కుండలు నింపే చేతిలో ఉంది.

భర్త మాట్లాడకుండా మిషను బోల్టులు బిగిస్తున్నాడు. దాని బేరింగులు అరిగిపోయాయి. సీలు కారిపోయి, గ్యాసు సగం గాలిపాలు. "ఇంకోటి కొందామంటే పాతది దొరకదు, కొత్తది అందదు" అన్నాడు. నేను ఏమీ అనలేదు. డబ్బిచ్చి లేచాను. కాని మాచర్ల బస్సులో ఆ మాటే చెవిలో తిరిగింది.

మాచర్లకు దగ్గరవుతున్న కొద్దీ, ఇరవై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని ఒక విషయం గొంతులోకి వచ్చింది. ఇక్కడ చెబుతున్నాను.

నేను చదువుకునే రోజుల్లో, గుంటూరు నుంచి స్నేహితులు నలుగురు ఎత్తిపోతల చూడ్డానికి వచ్చారు. మాచర్లకు దగ్గరే. చంద్రవంక డెబ్భై అడుగుల ఎత్తు నుంచి దూకే చోటు. తిరిగి వస్తూ, ఎండకు తాళలేక, వాళ్ళే మా కొట్టు ముందు ఆగారు. మా నాన్న బనీను మీద, ముఖానికి ఇనుపజాలీ కట్టుకుని, మిషను తిప్పుతున్నాడు. సీసా పేలితే కళ్ళు పోతాయి గనక ఆ జాలీ. ఎడమచేతి మీద అలా పేలిన సీసా గీసిన గీతలు మూడు ఉండేవి. స్నేహితులకు మా నాన్న ఉద్యోగమేమిటో నేను ఏనాడూ నిజం చెప్పలేదు. నా నోట మాట రాలేదు. నాన్న జాలీలోంచి నన్ను చూశాడు. నా ముఖం చూశాడు. అంతే. అయిదు సోడాలు కొట్టి ఇచ్చాడు. నేను జేబులోంచి నోటు తీసి ఇస్తే అందుకుని, లెక్కపెట్టి, "చిల్లర తీసుకోండి బాబూ" అన్నాడు.

ఆ నోటు ఆయన పంపిన మనియార్డరు లోనిదే. ఆ సంగతి మేమిద్దరం మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. మూడేళ్ళ క్రితం ఆయన పోయాడు.

అన్నయ్య కొట్టు మీదే ఉన్నాడు. నన్ను చూసి, "ఏందిరా, వారం అన్నావు, మూడోరోజే వచ్చావు?" అన్నాడు. మిషను మీద గోనెపట్టా తీశాడు. పచ్చరంగు పోయింది గాని చక్రం పిడి మాత్రం చేతుల రాపిడికి నున్నగా మెరుస్తోంది.

"ఒక్కటి కొట్టు అన్నయ్యా" అన్నాను.

"భుజం లేవదంటే!"

"అయితే నేను తిప్పుతా. నువ్వు చెప్పు."

సీసా నింపి గూట్లో పెట్టి, మూత బిగించి, గ్యాసు వదిలాడు అన్నయ్య. నేను చక్రం తిప్పాను. సీసా తలకిందులయినప్పుడు గోలీ జారి "టక్" మని మూతికి కూర్చుంది. మూడు సీసాలకే నా చెయ్యి లాగింది. నాన్న పండగ రోజుల్లో వందల సీసాలు తిప్పేవాడు.

ఆ సమయానికి మోటారుసైకిళ్ళ మీద కుర్రాళ్ళు కొందరు ఆగారు. అందులో ఒకడు నన్ను తేరిపార చూసి, "సార్! మీరేంటి సార్ ఇక్కడ?" అన్నాడు. మా కాలేజీ వాడే. నిరుడు చాపకూడు పాఠం చెప్పిన క్లాసు.

"ఇది మా నాన్న కొట్టు. కూర్చోండి, సోడా తాగుదురుగాని" అన్నాను.

చిన్న మాట. ఇరవై ఏళ్ళ క్రితమే అని ఉండవలసిన మాట. వాళ్ళు ఏమీ వింతగా చూడలేదు. "సార్, నాకు ఉప్పు ఎక్కువ" అన్నాడు ఒకడు. డబ్బులిస్తే అన్నయ్య తీసుకున్నాడు; చిల్లర నేనే లెక్కపెట్టి ఇచ్చాను.

రాత్రి భోజనాల దగ్గర గురజాల వాళ్ళ సంగతి చెప్పాను. పాత ఇనుము వాడిచ్చే ధరే వాళ్ళనూ అడుగుదాం, అదీ వాయిదాల మీద, అన్నాను. అన్నయ్య చాలాసేపు పెరుగన్నం కలుపుతూ ఊరుకున్నాడు. తర్వాత, "ఆ పిల్ల కుండలకు పట్టాలు చుట్టుద్దన్నావు గదూ?" అని అడిగాడు.

"చుట్టుద్ది."

"అయితే ఇద్దాం."

2025లో మన గోలీ సోడా గల్ఫు దేశాలకూ, యూరపు, అమెరికాలకూ ఎగుమతి అవుతోందని కేంద్ర వాణిజ్యశాఖ ప్రకటించింది. సంతోషమే. కాని గురజాల వేపచెట్టు కింద చక్రం తిరిగితేనే నాకు అసలు సంతోషం.

మరుసటి ఆదివారం ఆటో ట్రాలీ మీద మిషను బయలుదేరింది. మాచర్లకూ గురజాలకూ మధ్య ఎనిమిది వందల ఏళ్ళ నాటి పగ. ఈసారి మాచర్ల నుంచి గురజాలకు వెళ్ళింది సేన కాదు, సోడా మిషను. అన్నయ్య ముందు సీట్లో కూర్చున్నాడు, బిగించడం నేర్పి వస్తానని. నేను ఒక ఖాళీ సీసా మాత్రం ఉంచుకున్నాను. ఇప్పుడది నా బల్లమీద, శ్రీనాథుడి పుస్తకాల పక్కన ఉంది. ఇంటికి వచ్చినవాళ్ళు అదేమిటని అడుగుతారు. చెబుతాను.